తాడు ఎవరు పట్టాలి

ఏప్రిల్ 4

నా పేరు కుడుముల ఈరన్న. పెద్దకొండ ఉద్యానంలో నడక మనిషిని, అడవి కార్మికుల సంఘం మూడో గూడెం శాఖకు కార్యదర్శిని. మొదటిది పొట్ట కోసం, రెండోది ఒళ్లు మండి. నుదుటి మీద పట్టీ ఉన్నంతసేపూ నేను చూసేదంతా ఇంకెవరో చూస్తుంటారు. అందుకని సాయంత్రం పట్టీ విప్పాక ఈ కాగితం పుస్తకంలో రాసుకుంటున్నాను. చెవిలో బిగించిన చిన్న యంత్రాన్ని, అదే చిలకను, మాత్రం తీయడానికి రాదు. అది వింటుంది, చెబుతుంది, చదవడం దానికి రాదు. చిలక అన్న పేరు మేం పెట్టుకున్నదే.

పొద్దున ఐదింటికి నుదుటికి పట్టీ కట్టి, ముంజేతులకూ మోకాళ్లకూ పట్టీలు బిగించుకుని బయల్దేరాను. ఆరింటికి మొదటి సవారీ ఎక్కాడు. ఎక్కాడంటే మనిషి ఇక్కడికి రాడు. ఎక్కడో పట్నంలో చల్లటి గదిలో పడుకుని నా కళ్లతో చూస్తాడు, నా కాళ్లతో నడుస్తాడు. మనుషుల్ని రానిస్తే జంతువులు బెదురుతాయని, ఉద్యానాన్ని నడిపే మండలి వారు చేసిన ఏర్పాటు ఇది. మేం మనుషుల కింద రాము గనక మేం తిరగొచ్చు. సవారీ ఉన్నంతసేపూ మాట్లాడకూడదు, కూర్చోకూడదు, చెమట తుడుచుకోకూడదు. తుడిస్తే చూపు చెదురుతుందట.

పోయిన నెల మా బావ మీద ఫిర్యాదు వచ్చింది. ఆయన మీద ఎక్కిన పెద్దమనిషికి మోకాళ్లు నొప్పి పుట్టాయట. మండలి వెంటనే కదిలింది. డాక్టరును పంపలేదు, ఆ నొప్పి సవారీకి చేరకుండా వడగట్టేసింది. నొప్పి బావకే మిగిలింది.

ఎండ సంగతీ అంతే. మా ఒంటి వేడిని వడగట్టి, చల్లగాలి కలిపి సవారీలకు పంపుతారు. రికార్డుల్లో ఏ నెల చూసినా ఇరవై ఆరు డిగ్రీలే. ముగ్గురు వడదెబ్బకు పడిపోయారు, మధ్యాహ్నం నడక ఆపండి అని అర్జీ పెడితే, ఇరవై ఆరు డిగ్రీల్లో వడదెబ్బ ఏమిటని జవాబు. పోనీ గూడేనికి ఒక థర్మామీటరు ఇప్పించండి అన్నాను. ఇప్పటికి తొమ్మిదిసార్లు అడిగాను. తొమ్మిదో జవాబు ఈరోజు వచ్చింది. రెండు కొలతలుంటే గందరగోళమట.

ఇవన్నీ పాత ఏడుపులు. కొత్తది మధ్యాహ్నం జరిగింది. తేనెకొండ అంచు నుంచి తాడు మీద దిగి తేనెపెర కోయడం ఇక్కడ అన్నిటికన్నా గిరాకీ ఉన్న సవారీ. దిగేది మా బావ. సగం కోశాడో లేదో, ఈగలు కమ్మేశాయి. తాడు మూడుసార్లు గుంజితే పైకి లాగమని గుర్తు. ఆయన ముప్పైసార్లు గుంజి ఉంటాడు. కానీ పైన తాడు పట్టింది గిలక యంత్రం. దానికి గుంజడం తెలియదు, సవారీ టైము తెలుసు. ఇంకా తొమ్మిది నిమిషాలు ఉంది కాబట్టి తొమ్మిది నిమిషాలూ ఆయన్ని అక్కడే వేలాడదీసి ఉంచింది.

ఏప్రిల్ 5

బావ పేరు మండ్ల పెద్దులు. ఈరోజు ఆ ముఖం చూసి పోల్చుకోలేకపోయాను. కళ్లు రెండూ పూడిపోయాయి. మా అక్క బయ్యమ్మ పక్కన కూర్చుని పసరు రాస్తోంది.

"నూట పదకొండు ముండ్లు తీసినా తమ్ముడా. ఆడ మిషను పెట్టమని ఎవురు చెప్పినారు?"

"మండలి అక్కా."

"మండలికి అక్కచెల్లెండ్లు లేరా?"

బయటివాళ్లకు ఈ మాట అర్థం కాదు. మా చెంచుల్లో తేనెకు దిగేవాడి తాడు వాడి బామ్మర్దే పట్టాలి. అన్నదమ్ముల చేతికి ఇవ్వరు. వాళ్ల మనసులో ఎప్పటి కక్ష ఉందో ఎవరికి తెలుసు? పెళ్లాం తమ్ముడు మాత్రం తాడు వదిలితే బొట్టు చెరిగేది తన అక్కకే. అందుకని వాడు చేతులు తెగినా వదలడు. మా నాయన తాడు మా మేనమామ పట్టాడు, ఆయన తాడు వాళ్ల బామ్మర్ది పట్టాడు. ఏడాది కిందట గిలక యంత్రం వచ్చేవరకూ పెద్దులు బావ తాడు నేనే పట్టేవాణ్ని.

బావ వాచిన పెదాలతో అతికష్టం మీద మాట్లాడాడు. "నువ్వు పట్రా తాడు. నాకింకేం వద్దు."

నాకు కళ్లు చెమర్చాయి. రాసుకోవడానికి సిగ్గేం లేదు.

ఏప్రిల్ 9

పట్టీలు చార్జింగు పెట్టే పాకలో సంఘం సమావేశం. పదిహేడు మందిమీ వచ్చాం. చిలకలు వింటున్నాయని తెలుసు. విననీ, సంఘం పెట్టుకోవడం ఇంకా నేరం కాలేదు.

తాడు డిమాండు మొదట పెడదామన్నాను. ఓబులమ్మ అడ్డుపడింది. యాభై ఏళ్ల మనిషి, ఈ ఎండాకాలంలోనే రెండుసార్లు దోవలో పడిపోయింది.

"తాడు దిగేటోళ్లు నలుగురు. ఎండలో మాడేటోళ్లు పదిహేడు మంది. ముందు ఎండ సంగతి అడుగప్పా."

"రెండూ అడుగుదాం ఓబులమ్మా."

"రెండడిగితే ఒకటిస్తారు. ఏది ఇడిసిపెట్టాల్నో వాళ్లు చెప్పరు, నీతోనే చెప్పిస్తారు సూడు."

నాకు కోపం వచ్చింది. బావ ముఖం చూసొచ్చి ఆ మాట అను అన్నాను. ఆవిడ కొంగు దులుపుకుని వెనక్కి పోయి కూర్చుంది. గెలిచాననుకున్నాను.

మహజరు నేనే రాశాను. పదకొండేళ్లుగా ఈ గూడెంలో అర్జీలు రాసే చెయ్యి నాదే మరి. అందులో ఒక వాక్యం దగ్గర చాలాసేపు ఆగి, కొట్టేసి, మళ్లీ రాశాను: "దిగినవాడి ప్రాణానికి తాడు పట్టినవాడే జవాబుదారీ. కాబట్టి తాడు ఎవరు పట్టాలో దిగేవాడే చెప్పాలి." చదివి వినిపిస్తే అందరూ తలలూపారు. మాలో అది పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతే, వాదించడానికి ఏముంది?

ఏప్రిల్ 14

మహజరుకు జవాబు రాలేదు. సమ్మె చేస్తే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం లేనివాడికి గూడెంలో నివాసం లేదు. మా తాతలు పుట్టిన చోటే అయినా, పని పోయిన పదిహేనో రోజుకు కంచె దాటి పోవాలి. మల్లెలకుంట అవతల రేకుల కాలనీలో అట్లా పోయినవాళ్లు ఉన్నారు. అక్కడికి పోయిన ఏ ముసలాడూ రెండేళ్లు బతకలేదు.

కాబట్టి సమ్మె చేయలేదు. కళ్లు మూసుకుని నడుస్తున్నాం.

ఆలోచన ఓబులమ్మది. టైముకు లేవాలి, పట్టీ కట్టాలి, దోవంతా నడవాలి అని నియమాల్లో ఉంది. కళ్లు తెరవాలని లేదు. పుట్టినప్పటి నుంచి తిరిగిన దోవలు మాకు కాళ్లకే తెలుసు. సవారీలకు మాత్రం పొద్దున ఆరు నుంచి సాయంత్రం దాకా ఎర్రటి చీకటి.

"దయచేసి కళ్లు తెరవండి" అంది చిలక. ఇన్నేళ్లలో దాని నోట దయచేసి అన్న మాట వినడం ఇదే మొదటిసారి.

ఏప్రిల్ 16

మూడో రోజు. పదిహేడు మందిలో తూలిపడింది నేనొక్కణ్నే. తునికి చెట్టుకు నుదురు కొట్టుకున్నాను. బావ ఇంకా వాపు పూర్తిగా తీయని ముఖంతోనే పగలబడి నవ్వాడు. "కాయితాలు రాసి రాసి నీ కాళ్లు దోవ మర్సిపోయినాయిరా." సవారీలు వందల మంది డబ్బు వెనక్కి ఇమ్మంటున్నారట. సాయంత్రం కబురు వచ్చింది, అధికారి స్వయంగా వస్తున్నారని.

ఏప్రిల్ 19

సందర్శక విభాగం అధికారి విశ్వమోహన్ గారు వచ్చారు. ఒంటికి చల్లదనం పుట్టించే సూటు వేసుకున్నారు. మెడ దగ్గర సన్నగా ఆవిరి వస్తోంది. ఎంతో మర్యాదగా మాట్లాడారు. నన్ను ఈరన్న గారూ అన్నారు. పదకొండేళ్లలో ఆ గారూ ఎవరూ తగిలించలేదు. ఆ మాటకు నేను లోపల్లోపల పొంగిపోయాను. ఈ పుస్తకంలోనైనా నిజం రాయాలి.

"మీ మహజరు చదివాను. తాడు విషయం న్యాయంగా ఉంది. ఎండ విషయం రికార్డులతో కుదరడం లేదు. దాని మీద కమిటీ వేద్దాం. థర్మామీటరు కూడా కమిటీనే చూస్తుంది."

"ఎండ సంగతి తేలాల్సిందే సార్" అన్నాను.

"రెండూ ఇవాళే తేలాలంటే రెండూ కమిటీకే వెళ్తాయి. తాడు ఒక్కటైతే ఇప్పుడే సంతకం పెడతాను. మీరే చెప్పండి."

ఓబులమ్మ నా వంక చూసింది. నేను ఆవిడ వంక చూడలేదు. తాడు ఇప్పించండి అన్నాను.

ఒప్పందం కాగితం అక్కడే వచ్చింది. నేను రాసిన వాక్యం అక్షరం పొల్లుపోకుండా అందులో ఉంది. "ఇంత చక్కగా మా న్యాయవాదులు కూడా రాయలేరండీ, అందుకే అలాగే ఉంచాం" అన్నారాయన. అనుమతి లేకుండా సవారీ మధ్యలో తాడు కదిపితే ఒప్పందం రద్దవుతుందని కింద ఇంకో వాక్యం ఉంది. రద్దు కానివ్వకుండా చూసుకుంటే సరిపోతుంది కదా అనుకుని సంతకం పెట్టాను. గూడెం అంతా ఈల వేసింది. అక్క నా తల మీద చెయ్యి పెట్టి ఏడ్చింది.

ఏప్రిల్ 27

కొత్త సవారీ మొదలైంది. దాని పేరు "బామ్మర్ది నమ్మకం". జంటగా వచ్చేవాళ్లకు ప్రత్యేకం. ఒకరు బావ మీద ఎక్కుతారు, ఒకరు నా మీద. కింద ఒకరి గుండె దడ, పైన ఒకరి చేతుల మంట. నా అరచేతులు ఒరుసుకుపోయే నొప్పిని మాత్రం వడగట్టడం లేదు, అది కావాలని అడిగారట. నైలాను తాడుకు నారతాడులాగా రంగు వేశారు. గిలక యంత్రాన్ని చూపుకు అడ్డమని తీసేశారు. తాడును మద్దిచెట్టుకు రెండు చుట్లు తిప్పి నేను పట్టుకుంటాను.

మా ప్రాణం కాపాడమని అడిగిందాన్ని తీసుకెళ్లి ఆటబొమ్మ చేసి అమ్ముకుంటున్నారు. బావ మాత్రం, "ఎవుడు ఎక్కితే నాకేందిరా, పైన నువ్వుండావు, చాలు" అన్నాడు.

మే 6

గాలి లేదు. కొండరాయి మీద అరచెయ్యి ఆనించలేకపోతున్నాం. ఓబులమ్మ మూడోసారి పడిపోయింది. పడిన చోటే సవారీ ఆమె మీద నుంచి ఇంకొకరి మీదకు మారిపోయాడు. కమిటీ ఎంతవరకు వచ్చిందని రాశాను. సభ్యుల్ని ఇంకా వేయలేదట.

ఓబులమ్మను చూడ్డానికి వెళితే గోడ వైపు తిరిగి పడుకుంది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది.

మే 11

బావ చనిపోయాడు.

మధ్యాహ్నం రెండు గంటల సవారీ. వద్దు, పొద్దుటికి మార్చండి అని చిలకతో చెప్పాను. ఇరవై ఆరు డిగ్రీలు, అనుకూలం అంది. బావ నీళ్లు తాగి, నడుముకు తాడు కట్టుకుని దిగాడు. సగం దూరంలో రెండుసార్లు గుంజాడు. రెండంటే ఆగమని. ఆపాను. తరవాత తాడులో కదలిక లేదు.

లాగాను. చిలక వద్దంటున్నా లాగాను. ఒక్కడివల్ల కాదు గనక కేకలు పెట్టాను. కింది దోవలో ఉన్నవాళ్లు ఇద్దరు పరిగెత్తుకొచ్చి తాడుకు చేయి వేశారు. పైకి తెచ్చేసరికి ఒళ్లు కాలిపోతోంది, చెమట చుక్క లేదు. నోట్లో నీళ్లు పోస్తే పక్కకు కారిపోయాయి.

మే 13

నిన్న బావను పూడ్చాం. ఈరోజు విచారణ.

విశ్వమోహన్ గారు రికార్డు చదివారు. వాతావరణం ఇరవై ఆరు డిగ్రీలు. రెండు గంటల ఇరవై ఒక్క నిమిషాలకు తాడు అనుమతి లేకుండా కదిలింది. దిగిన వ్యక్తి పైకి చేరేటప్పటికి ప్రాణం లేదు. బావ మీద ఎక్కిన సవారీ రాసిన అభిప్రాయం కూడా చదివారు. "చివర్లో నిద్రలోకి జారుకున్నట్టు ఎంతో ప్రశాంతంగా అనిపించింది."

"ఎండకు పోయాడు సార్. గూడెంలో అందరూ చెబుతారు" అన్నాను.

"ఏ కొలత ప్రకారం చెబుతారు ఈరన్న గారూ?"

మా దగ్గర కొలత లేదు. తొమ్మిదిసార్లు అడిగానని చెప్పాను. అది ఈ విచారణ పరిధిలోకి రాదన్నారు. తరవాత ఒప్పందం తీసి నా వాక్యం చదివారు, మొదటి సగం మాత్రం. దిగినవాడి ప్రాణానికి తాడు పట్టినవాడే జవాబుదారీ.

"ఇది మీరు రాసిందే కదండీ?"

నేనే రాశాను. మావాళ్లలో దానికి అర్థం, తాడు పట్టినవాడు ప్రాణం పోయినా వదలడు అని. వీళ్ల కాగితంలో దానికి అర్థం, పోయిన ప్రాణం ఖాతా మండలిది కాదు అని. ఇంట్లో అనుకునే మాటను ఆఫీసు కాగితం మీద పెట్టిన బుద్ధితక్కువవాణ్ని నేను.

మరణ కారణం ఫారంలో రెండే గళ్లు ఉన్నాయి. ఒకటి దిగినవాడి అజాగ్రత్త. దానికి టిక్కు పెడితే కుటుంబానికి హక్కులేవీ ఉండవు, పదిహేను రోజుల్లో అక్క కంచె దాటాలి. రెండోది తాడు పట్టినవాడి అజాగ్రత్త. దానికైతే పట్టినవాడు కంచె దాటి పోతాడు. చనిపోయినవాడి ఉద్యోగం, ఇల్లు అతని భార్యకే ఇస్తారు. భార్య సంతకంతో ఫిర్యాదు రావాలి. మూడు రోజుల గడువు. మూడో గడి లేదు.

అక్కడే నా పట్టీలు విప్పేశారు, చెవిలోంచి చిలకను తీసేశారు. ఫిర్యాదు వచ్చినా రాకపోయినా నేను పనికి రానట.

మే 16

ఆఖరి రోజు. పొద్దున ఆ ఫారం మీదే ఫిర్యాదు నేనే రాసి అక్క దగ్గరికి తీసుకెళ్లాను. గూడెంలో ఇంకెవరికీ ఆ రాత రాదు.

అక్క చదివింది, నిదానంగా, వేలు పెట్టి. చదివి నా ఒళ్లో పడేసింది.

"నా తమ్ముడు తాడు పట్టుకోవడం చేతగానోడని నేను రాయాల్నా? నీ బావ ఇంటే మన్నులోంచి లేచి వచ్చి నన్ను తంతాడు."

"కాయితమే కదక్కా."

"నీకన్నీ కాయితాలే. పోతా. ఆ రేకుల కొట్టాల్లోకే పోతా. ఇద్దురమూ పోదాం."

రేకుల కాలనీలో అక్క ఎన్నాళ్లు బతుకుతుంది? బావను పూడ్చిన చోటు కంచె లోపల ఉంది. అక్కడికి రోజూ పోయి కూర్చుంటోంది. ఇంకో గంట బతిమాలాను. బెదిరించాను. కాళ్లు పట్టుకున్నాను. మా అక్క అబద్ధం మీద సంతకం పెట్టే మనిషి కాదు.

అందుకని నిజం చెప్పాను. పదకొండో తారీకున ఈ పుస్తకంలో కూడా రాయని నిజం.

తాడులో కదలిక పోయాక నేను వెంటనే లాగలేదు. తాడు చచ్చుబడితే ఇంక గుర్తు కోసం చూడకుండా వెంటనే లాగాలని మాకు చిన్నప్పుడే నేర్పుతారు, నాకు నేర్పింది కూడా మా మేనమామే. చిలక చెవిలో, సవారీకి ఇంకా ఇరవై నిమిషాలుంది, కదిపితే ఒప్పందం రద్దు అంటోంది. ఎండ సంగతి వదిలేసి, ఓబులమ్మ నోరు మూయించి తెచ్చిన ఒప్పందం. ఒక్క లాగుడుతో అది పోతుంది, మళ్లీ యంత్రం వస్తుంది, పదిహేడు మంది ముందు నా తల కొట్టేసినట్టవుతుంది. ఇంకాసేపు చూద్దాం, మూడుసార్లు గుంజుతాడేమో అనుకున్నాను. గుంజలేదు. అప్పుడు లాగాను.

"ఎంతసేపు ఆగినావు?" అంది అక్క.

"ఆరు నిమిషాలు."

అక్క ఏడవలేదు. కాగితం తనే నా ఒళ్లోంచి తీసుకుంది. కలం అడిగింది. రెండో గడికి టిక్కు పెట్టింది. కింద సంతకం పెట్టింది. ఫారం చివర ఒక గడి నేను ఖాళీగా వదిలేశాను, తాడు పట్టినవారితో ఫిర్యాదుదారుకు గల బంధుత్వం అని. ఏం రాయాలో తెలియక వదిలాను. అక్క దాని మీద వేలు పెట్టి చదువుకుని, "ఏమీ లేదు" అని రాసి, కాగితం నా చేతికి ఇచ్చింది.

మధ్యాహ్నం మూడింటికి ఆఫీసులో ఇచ్చి, రసీదు తీసుకున్నాను.